ఇరవై అయిదు బిళ్ళలు

వీధిలో పాల సైకిలు గంట మోగేసరికి దివ్యశ్రీ స్టవ్ మీద టీ పెట్టి, గోడ అరలోంచి మందుల డబ్బా తీసింది. ఆ ఇంట్లో ఆమెకి అన్నిటికంటే ఇష్టమైన వస్తువు అదే. నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా, ఏడు గదులు, గదికో మూత. పెళ్ళయి వచ్చిన రెండో వారంలో బరంపురం బజారంతా తిరిగి తనే ఏరి కొంది. మూతల మీద ఆది, సోమ, మంగళ అని తెలుగులో రాసిన కాగితం ముక్కలు అంటించింది. మూత నొక్కితే టక్కుమంటుంది. ఆ చప్పుడు వినగానే వరండాలో కుర్చీలో కూర్చున్న మావగారు, వెనక్కి తిరక్కుండానే అరచెయ్యి చాపేవారు. ఆ చేతిలో బిళ్ళలు పెట్టి నీళ్ళ గ్లాసు అందించడంతో ఆమె రోజు మొదలయ్యేది.

మావగారి పేరు ఢిల్లీశ్వరరావు. ఆర్యపల్లి ఒడ్డున పడవలు దిగగానే వేలంలో చేపలు పాడుకుని, ఐసులో పెట్టి బరంపురం మార్కెట్టుకి చేర్చడం ముప్పయ్యేళ్ళుగా ఆయన పని. ఇప్పుడు వ్యాను కొడుకు ధనరాజు నడుపుతున్నా, వేలం దగ్గర మాత్రం ఆయన ఉండాల్సిందే. ఢిల్లీ చూశారా మావయ్యా అని దివ్యశ్రీ ఒకసారి అడిగితే, నేనే కాదు, ఆ పేరెట్టిన మా అయ్య కూడా చూడలేదని పగలబడి నవ్వారు. రెండేళ్ళ కిందట ఆయనకి గుండెలో నొప్పి వచ్చింది. అప్పటినుంచి రోజూ మూడు బిళ్ళలు. షుగరుకొకటి, బీపీకొకటి, రక్తంలో కొవ్వుకొకటి. మూడోదాన్ని ఇంట్లో అందరూ కొవ్వు బిళ్ళ అంటారు.

ఆ రోజు కుమార పున్నమి, అంటే ఆశ్వయుజ పౌర్ణమి, వెళ్ళిన మర్నాడు. ఒడియా లెక్కలో కార్తీకం మొదలు. టీ మరుగుతుండగా అత్తగారు కాసమ్మ తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వంటింట్లోకి వచ్చి, డబ్బా వైపు చూసింది.

"ఆ కొవ్వు బిళ్ళ తీసెయ్యే అమ్మా."

"ఏం అత్తా?"

"ఇయ్యాళ నుండి కార్తీకం గదా. నెల్లాళ్ళు ఇంట్లో సేప నేదు, మాంసం నేదు, నూనె కూడా సుక్కే. ఒంట్లోకి కొవ్వే ఎల్లనప్పుడు దానికి బిళ్ళెందుకు? పోయిన రెండు కార్తీకాలూ ఇలాగే సేసినాం. ఏటయింది? ఛాడఖాయి నాడు మళ్ళీ మొదలెడతారు."

ఛాడఖాయి అంటే కార్తీక పున్నమి మర్నాడు. నెల్లాళ్ళ నియమం విడిచి ఊరంతా మాంసం వండుకునే రోజు. చేపల మీద బతికే ఆ ఇల్లు, కార్తీకం నెలలో మాత్రం గుమ్మం లోపలికి చేప వాసన కూడా రానిచ్చేది కాదు. ధనరాజు వ్యాను దిగి పెరట్లో స్నానం చేస్తే గాని లోపలికి రాకూడదు.

దివ్యశ్రీ ఆలోచించింది. ధనరాజు రోజూ సాయంత్రం ఇంటికి రాగానే డబ్బా మూత ఎత్తి, తండ్రి మందులు వేసుకున్నాడో లేదో చూస్తాడు. ఆ సంగతి చెప్పింది.

"అందుకే తీసెయ్యమంటన్నాను. ఆడికి సెప్పకు. ఆడికి తుమ్మొచ్చినా డాక్టరే." కాసమ్మ కొంగు మడతలోంచి ఒక ముద్దబంతి పువ్వు తీసి కోడలి జడలో గుచ్చింది. "ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలే, అమ్మా."

పెళ్ళయి ఆరు నెలలు. అత్తగారు ఆమెను ఒకే ఊపులో రెండుసార్లు అమ్మా అనడం అదే మొదలు. అంకులిలో ఐసు ఫ్యాక్టరీ గుమస్తా కూతురిగా పెరిగి, డిగ్రీ చదివి వచ్చిన దివ్యశ్రీకి ఆ ఇంట్లో అంతవరకూ సొంతమైన రహస్యమంటూ ఏదీ లేదు. ఇప్పుడొకటి దొరికింది. రోజంతా ఆ పువ్వును తడుముకుంటూనే పని చేసుకుంది. సాయంత్రం వ్యాను వీధి మలుపులో రెండుసార్లు హారన్ కొట్టింది. ఆ రెండు హారన్లూ ఆమెకే. ధనరాజు స్నానం చేసి వచ్చి, మూత ఎత్తి, ఖాళీ గది చూసి తృప్తిగా మూసేశాడు.

మందు పారేయడానికి మాత్రం ఆమెకి చేతులు రాలేదు. తీసిన బిళ్ళని పాత పౌడరు డబ్బాలో వేసి బీరువాలో దాచింది. మర్నాడు ఇంకొకటి. మూడో రోజున ఎందుకో మనసు నిలవక ఫోను తీసి ఆ మందు పేరు వెతికింది. డాక్టరుని అడక్కుండా దీన్ని ఆపకూడదు అని కనపడింది. ఇంకా కిందికి చదవబోతుంటే పెరట్లోంచి కాసమ్మ పిలిచింది. తులసి కోట చుట్టూ ముగ్గు వెయ్యడం నేర్పుతానంది. దివ్యశ్రీ ఫోను మంచం మీద పడేసి పరుగెత్తింది. ముగ్గు పిండి వేళ్ళ సందుల్లోంచి సన్నగా జారుతుంటే, అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుని గీత తిప్పించింది. ఫోనులో చదివిన మాట ఆ పిండితోపాటే జారిపోయింది.

*

కార్తీకం సగంలో ఢిల్లీశ్వరరావు కుంటుతూ ఇంటికి వచ్చారు. అంతకుముందు వారం ఆర్యపల్లి ఒడ్డున జెల్ల చేప ముల్లు కాలి బొటనవేలికి గుచ్చుకుందట. ఆయన ఎవరికీ చెప్పలేదు. పసుపు అద్ది తిరిగారు. అది మానకపోగా వేలు నల్లబడుతోంది. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేస్తోంది.

ధనరాజు తండ్రిని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. స్కానింగులో తొడలోని రక్తనాళం దాదాపు మూసుకుపోయిందని తేలింది. లోపల కొవ్వు పేరుకుని గట్టిపడిందని, రక్తానికి వేరే దారి వేసే ఆపరేషన్ చెయ్యాలని, ఆలస్యమైతే వేలితో ఆగదు, కాలే తియ్యాల్సి వస్తుందని సర్జన్ చెప్పాడు. మందులన్నీ సరిగా వేసుకుంటున్నారా అని ఆయన అడిగితే, ఒక్కరోజు తప్పలేదని ధనరాజు చెప్పి వచ్చాడు. ఆడవాళ్ళిద్దరూ ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు.

ఆపరేషన్ రోజు పంచుకలో పడింది. కార్తీకం చివరి అయిదు రోజులనీ ఒడియావాళ్ళు పంచుక అంటారు. ఆ అయిదు రోజులూ నియమం మరీ గట్టిగా ఉంటుంది. పున్నమి దాటనిమ్మని కాసమ్మ బతిమాలింది. వేలి నలుపు పున్నమి దాకా ఆగదని ధనరాజు కసిరాడు. ఢిల్లీశ్వరరావు కాలు స్టూలు మీద పెట్టుకుని వీధిలోకి చూస్తూ ఉండిపోయారు. పొద్దున్న మూత టక్కుమన్నప్పుడు చెయ్యి చాపడం మాత్రం మానలేదు. ఆ చేతిలో రెండు బిళ్ళలే పెట్టి, దివ్యశ్రీ మొదటిసారి నీళ్ళ గ్లాసు అందించడం మరిచిపోయింది. ఈ మాట డాక్టరుకి చెప్పాలేమో అత్తా అని వంటింట్లో మెల్లగా అంది. కాసమ్మ బియ్యం చెరుగుతూనే, ఇంకో వారమే గదా అంది.

పంచుక మొదటి రోజున నలుగురూ ఆస్పత్రికి వెళ్ళారు. మర్నాడే ఆపరేషన్. మత్తు ఇచ్చే డాక్టరమ్మ ముందుగా చూడాలి. ఆవిడ పేరు సస్మిత. చిన్న వయసు, ఒడియా అమ్మాయి, నెమ్మదిగా మాట్లాడుతుంది. గుండె విని, కాయితాలు తిరగేసి, మందుల చీటీ మీద పెన్ను పెట్టింది. షుగరు బిళ్ళ రేపు పొద్దున వద్దంది. బీపీ బిళ్ళ వేసుకోమంది. మూడోదాని కింద రెండు గీతలు గీసింది.

"ఇది మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదు. రేపు పొద్దున కూడా గుక్కెడు నీళ్ళతో వేసుకోవాలి. ఆపరేషన్ తరవాత కూడా రోజూ వెయ్యాలి," అంది ఒడియాలో.

ధనరాజు ముఖం వెలిగింది. "ఒక్కరోజు తప్పలేదు మేడమ్. మా ఆవిడ డబ్బా పెట్టింది, వారానికి ఏడు గదులు. నేను రోజూ మూత ఎత్తి చూస్తాను."

డాక్టరమ్మ మెచ్చుకోలుగా దివ్యశ్రీ వైపు చూసి నవ్వింది. కాసమ్మ నేల చూపులు చూస్తోంది. మావగారు చొక్కా గుండీ పెట్టుకుంటూ ఆగిపోయారు.

"మేడమ్," అంది దివ్యశ్రీ. "ఆ మూడో బిళ్ళ ఇరవై అయిదు రోజులుగా వేసుకోవడం లేదు."

ఎందుకు ఆపారని డాక్టరమ్మ అడిగింది. దివ్యశ్రీ నోరు తెరిచేలోగా కాసమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"నాను ఆపినాను. కార్తీకం గదా."

"ఏటమ్మా?" ధనరాజు తల్లి వైపు తిరిగాడు. "మరి డబ్బాలో బిళ్ళ ఉండేది కాదే. రోజూ సూసినాను."

"నానే తీసి పారేసేదాన్ని. నువ్వు సూస్తావని తెలుసు గదా."

దివ్యశ్రీ ఏదో అనబోయింది. కొంగు చాటున కాసమ్మ చెయ్యి వచ్చి ఆమె మణికట్టుని గట్టిగా పట్టుకుంది. ముగ్గు నేర్పిన రోజు పట్టుకున్న చోటే. దివ్యశ్రీ నోరు మూసుకుంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని తరవాత దివ్యశ్రీకి చాలాసార్లు అనిపించింది. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని ఓపిగ్గా చెప్పింది. రక్తంలో కొవ్వు తిండితోనే రాదట. ఎక్కువ భాగం లివరే తయారుచేస్తుందట, ఉపవాసం ఉన్నా సరే. పైగా ఆ బిళ్ళ పని కొవ్వు తగ్గించడం ఒక్కటే కాదు. రక్తనాళాల గోడల మీద పేరుకున్నది వాచిపోకుండా, పగలకుండా పట్టి ఉంచుతుంది. ఆపరేషన్ అంటే ఒంటికి పెద్ద దెబ్బ. ఆ సమయంలో గుండెకి ఆ కాపు ఉండాలి. రోజూ వేసుకునేవాళ్ళు మధ్యలో ఆపేస్తే, అసలు వేసుకోనివాళ్ళకంటే కూడా ఇబ్బంది రావచ్చు.

"మొదటిసారి వచ్చినప్పుడే చెప్పి ఉంటే రెండు వారాలు దొరికేవి. ఇప్పుడు కాలు ఆగదు. బిళ్ళ ఈ క్షణం నుంచే మొదలుపెడదాం, ఆపరేషన్ రేపే చేద్దాం. ప్రమాదం కొంచెం ఎక్కువ ఉంటుంది. అది తెలిసి సంతకం పెట్టండి."

ధనరాజు సంతకం పెట్టాడు. పెన్ను కాగితాన్ని చింపేంత గట్టిగా నొక్కాడు.

*

తండ్రిని వార్డులో చేర్చి, బట్టలు తేవడానికి ఇంటికి వచ్చారు. వ్యానులో ధనరాజు ఒక్క మాటే మాట్లాడాడు, అదీ భార్యతో. నువ్వు చెప్పబట్టి బయటపడింది, నువ్వే లేకపోతే ఏమయ్యేదో అన్నాడు. దివ్యశ్రీ కిటికీలోంచి బయటికి చూసింది. రోడ్డు పక్క దుకాణాల ముందు పున్నమికి నీళ్ళలో వదిలే అరటిదొప్ప పడవలు, రంగు కాగితం పడవలు పేర్చి ఉన్నాయి. ఇంకో రోజయితే ఆపమని అడిగేది.

ఇంట్లో అడుగు పెట్టాక ధనరాజు ఆగలేకపోయాడు. తల్లి తులసి కోట దగ్గర దీపం కుందె తుడుస్తుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"నీ పుణ్యం కోసం మా అయ్యని సంపేద్దామనుకున్నావేటమ్మా?"

కాసమ్మ కుందె తుడుస్తూనే ఉంది.

"వేలు నల్లబడిపోనాది, అప్పుడైనా సెప్పాల గదా. ఆ సర్జన్ దగ్గర నాను ఒక్క రోజు తప్పనేదని ఒట్టేసినంత పని సేసినాను. నన్ను ఎర్రోణ్ణి సేసినావు. నాతో ఒక్క మాట అనుంటే..." లోగొంతుకతో మళ్ళీ అన్నాడు. "ఇకమీద అయ్య మందుల జోలికి నువ్వు రావొద్దు. ఆయన మంచం దగ్గరికి కూడా రావొద్దు. సూసుకోడానికి మేవున్నాం."

"అలాగే నానా," అంది కాసమ్మ.

అంతే. ఆ ఒప్పుకోలు దివ్యశ్రీని అరుపుకంటే ఎక్కువ భయపెట్టింది. ధనరాజు బట్టల సంచీతో వెళ్ళిపోయాక వంటింట్లో అత్తగారి ముందు కూర్చుని అడిగింది.

"అత్తా, తీసింది నేను కదా. ఎందుకలా చెప్పావు?"

కాసమ్మ ఒంటిపూట తిండికి పెసరపప్పు కడుగుతోంది. ఆ రోజు తినలేదు, అయినా కడిగింది.

"నువ్వొచ్చి ఆరు నెల్లే. ఇప్పుడు ఆడి మనసులో నీ మీద మచ్చ పడితే బతుకంతా ఉండిపోతాది. నా మీద కోపం ఎన్నాళ్ళుంటాది ఆడికి? ఆణ్ణి నాను కన్నాను."

దివ్యశ్రీ ఏడ్చింది. ఏడుస్తూనే, లోపల ఎక్కడో ఊపిరి తేలికపడింది. తనని ఎవరూ ఏమీ అనరు. ధనరాజు తనని చూసే చూపు మారదు. ఆ తేలిక ఎంత సిగ్గుగా ఉందో, అంత హాయిగానూ ఉంది. నిజం చెప్పేస్తానని ఆమె అనలేదు. కాసమ్మ చెప్పమని అడగలేదు.

*

ఆపరేషన్ బాగానే జరిగింది. బొటనవేలు తీసేశారు గాని పాదం వెచ్చబడింది. సర్జన్ పాదం మీద చెయ్యి వేసి చూసి, రక్తం దిగుతోందని చెప్పినప్పుడు ధనరాజు కళ్ళు తుడుచుకున్నాడు. కాసమ్మ వార్డు బయట మెట్ల పక్కన చాప వేసుకుని కూర్చుంది. లోపలికి రావడానికి ఒకసారి లేచి, కొడుకు ముఖం చూసి మళ్ళీ కూర్చుంది.

రెండు రోజులు గడిచాయి. చతుర్దశి మధ్యాహ్నం ఢిల్లీశ్వరరావు గంజి తాగుతూ చెంచా కింద పెట్టేశారు. ఎడమ దవడ లాగుతోందన్నారు. చొక్కా చెమటకి తడిసిపోయింది. నర్సులు పరుగెత్తుకొచ్చారు. అర్ధగంటలో ఆయన్ని ఐసీయూలోకి మార్చారు. ఆపరేషన్ ఒత్తిడికి గుండె దెబ్బతిందని చెప్పారు.

డాక్టర్ సస్మిత బయటికి వచ్చింది. బిళ్ళ ఆపడం వల్లేనా అని ధనరాజు అడిగాడు. నలభై ఏళ్ళ బీడీలు, షుగరు, ముందే ఉన్న గుండె జబ్బు, ఇవన్నీ ఉన్నాయంది. బిళ్ళ వేసుకుంటూ ఉన్నా రావచ్చు. ఆపడం వల్ల ముప్పు పెరిగిందని మాత్రం అనగలను, అదొక్కటే అని ఎవరూ చెప్పలేరంది. ధనరాజు చెవికి, ఆపడం వల్ల ముప్పు పెరిగిందన్న మాట ఒక్కటే ఎక్కింది. మెట్ల పక్క చాప వైపు ఒకసారి చూసి, తల తిప్పుకున్నాడు.

ఐసీయూకి ఒక్కటే పాసు. అట్టముక్క మీద నంబరు, దానికో ఎర్రతాడు. పూటకి ఒక్క మనిషి, పది నిమిషాలు. ధనరాజు దాన్ని ఉదయం తను తీసుకునేవాడు, సాయంత్రం దివ్యశ్రీకి ఇచ్చేవాడు. అత్తకి ఇద్దామని ఆమె ఒకసారి అంది. ఇప్పటికి చేసింది చాలు అన్నాడు. కాసమ్మకి ఆ మాట వినపడింది. కొంగు సర్దుకుంది, అంతే.

పున్నమి నాడు ఆమె నలభై ఏళ్ళలో మొదటిసారి పడవ వదలడానికి వెళ్ళలేదు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఐసీయూ తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ చాచి చూసేది. తలుపు తెరుచుకుని మూసుకునే ఆ రెండు క్షణాల్లో ఆయన పడుకున్న మూడో మంచం చాప మీంచి కనపడదు. మొదటి మంచమే కనపడుతుంది. అయినా చూసేది.

మర్నాడు ఛాడఖాయి. ఊళ్ళో మాంసం కొట్ల ముందు బారులు. ఆస్పత్రి గోడ అవతల ఇళ్ళలోంచి మసాలా వేగుతున్న వాసన వరండా దాకా వస్తోంది. ఇంటి నుంచి బట్టలు తెచ్చేటప్పుడు దివ్యశ్రీ బీరువాలోని పౌడరు డబ్బా సంచీలో వేసుకుంది. ఎందుకో తనకే తెలియదు. ఆ రోజు ధనరాజుకి మందుల చీటీ పని పడి, ఉదయం పాసు ఆమెకే ఇచ్చాడు.

మావగారు కళ్ళు తెరిచి ఉన్నారు. నాలుగు రోజుల్లో ముఖం సగమైంది. వేలం దగ్గర పదిమందికి వినపడే గొంతు ఇప్పుడు దుప్పటి దాటి రావడం లేదు. ఆమె వంగింది.

"మీ అత్తేదే? అగుపడనేదు."

"బయటే ఉంది మావయ్యా."

"లోనికి రాదేటి? అలిగిందా నా మీద?"

దివ్యశ్రీ అబద్ధం చెప్పాలనుకుంది. నోటికి రాలేదు. మీ అబ్బాయి రానివ్వడం లేదు, బిళ్ళ అత్తే ఆపిందని కోపం, అని చెప్పేసింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. కంటి కొసల్లోంచి నీళ్ళు జారి చెవుల దగ్గర తలగడలో ఇంకాయి.

"ఆపమన్నది నానమ్మా," అన్నారు. మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పారు. "ఏడాదంతా రోగిష్టినే గదా. కార్తీకం ఒక్క నెలైనా మందు మింగే ముసిలోణ్ణి కాకుండా ఉందామని. నోరు కట్టుకుంటన్నాను, ఇంక మందెందుకనుకున్నాను. మొదటేడు అది వొద్దంది. రెండు దినాలు అన్నం కూడా మానేసి ఒప్పించినాను. నా పేరు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. ధనాగాడు నన్ను తిడతాడని." తలుపు వైపు చూశారు. "అది సెప్పనేదా ఆడికి?"

"చెప్పలేదు మావయ్యా."

"సెప్పదు," అన్నారు ఆయన. "దాన్ని పంపమ్మా."

దివ్యశ్రీ బయటికి వచ్చేసరికి పది నిమిషాల్లో ఇంకా ఆరు మిగిలి ఉన్నాయి. ధనరాజు మందుల కవరుతో ఎదురు వస్తున్నాడు. కాసమ్మ చాప మీద మోకాళ్ళు ముడుచుకుని ఉంది. దివ్యశ్రీ మెడలోంచి ఎర్రతాడు తీసి, ముందు అత్తగారి చేతిలో పెట్టింది. తరవాత సంచీలోంచి పౌడరు డబ్బా తీసి, మూత తిప్పి, ధనరాజు అరచేతిలో వంచింది. పౌడరు అంటి తెల్లబడిన బిళ్ళలు జలజలా రాలాయి.

"ఇరవై అయిదున్నాయి. అన్నీ నేను తీసినవే."

ధనరాజు బిళ్ళల వైపు, ఆమె వైపు చూశాడు.

"మొదటి రోజు అత్త తీసెయ్యమంది. ఆ తరవాత ఎవరూ చెప్పక్కర్లేదు, నేనే తీశాను. మూడో రోజునే ఫోనులో చదివాను, ఆపకూడదని ఉంది. అయినా తీశాను. అత్త నన్ను అమ్మా అని పిలుస్తోందని, నాకు అది బాగుందని. డాక్టరమ్మ దగ్గర అత్త తన మీద వేసుకుంటే, నా మీదకి రాలేదు కదా అని ఊరుకున్నాను." ఆమె ఏడవడం లేదు. ఏడిస్తే మాట ఆగిపోతుందని భయం. "అసలు ఆపమన్నది మావయ్య. అత్తకి ఒట్టు పెట్టారు. మావయ్య ఆపమన్నారు, అత్త నాకు చెప్పింది, నేను తీశాను. మీరొక్కరే రోజూ మూత ఎత్తి చూశారు. మీకొక్కరికే ఎవ్వరం చెప్పలేదు."

"ఎందుకు సెప్పినావే పిచ్చిదానా," అంది కాసమ్మ. "నాను మోస్తన్నాను గదా."

ధనరాజు గుప్పిట మూశాడు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆస్పత్రి మనుషులు అటూ ఇటూ తప్పుకుని పోతున్నారు. ఆమె ఏ మాటకైనా సిద్ధంగా ఉంది. అతను బిళ్ళల్ని జేబులో పోసుకుని, తలుపు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ లోపలికి వెళ్ళేవాళ్ళు వేసుకునే రబ్బరు చెప్పులు పడి ఉంటాయి. వాటిలో ఒక చిన్న జత ఏరి, తెచ్చి, వంగి తల్లి కాళ్ళ ముందు పెట్టాడు. ఆమె పాదం చెప్పులోకి వెళ్ళేదాకా మడమ పట్టుకున్నాడు. అలా వంగినవాడు వెంటనే లేవలేదు. కాసమ్మ అతని జుట్టు మీద చెయ్యి వేసింది.

"ఎల్లమ్మా," అన్నాడు నేల వైపు చూస్తూనే. "మూడో మంచం. నాలుగు నిమిషాలే ఉంది."

తలుపుకి చిన్న అద్దం ఉంది, దగ్గరికి వెళ్తే మూడో మంచం కనపడుతుంది. భార్యాభర్తలిద్దరూ దాని దగ్గర నిలబడ్డారు, తగలకుండా, కొంచెం దూరంగా. మావగారికి గుండె సగం బలమే మిగిలిందని పొద్దున డాక్టరు చెప్పాడు. ఇక ఆర్యపల్లి ఇసకలో నడవడం, వేలంలో అరవడం ఉండవు. ఎన్నాళ్ళుంటారో ఎవరూ చెప్పలేదు. అవన్నీ దివ్యశ్రీకి తెలుసు. ధనరాజు సాయంత్రం వ్యాను హారన్ మళ్ళీ రెండుసార్లు ఎప్పుడు కొడతాడో మాత్రం తెలియదు.

లోపల నర్సు పొద్దుటి మందులు చిన్న కప్పులో తెచ్చింది. కాసమ్మ ఆమెను ఏదో అడిగింది. నర్సు ఒక్క క్షణం ఆగి, ఒక బిళ్ళ తీసి కాసమ్మ అరచేతిలో వేసింది. ఏ బిళ్ళో అంత దూరం నుంచి కూడా దివ్యశ్రీ పోల్చుకుంది. ఇరవై అయిదుసార్లు తన చేత్తో తీసిన బిళ్ళ.

కాసమ్మ దాన్ని ప్రసాదంలా రెండు కళ్ళకీ అద్దుకుంది. ఢిల్లీశ్వరరావు నోరు తెరిచారు.

అద్దం మీద దివ్యశ్రీ ఊపిరి మసకగా పట్టింది. పక్కనించి ధనరాజు చెయ్యి వచ్చి, చొక్కా కొసతో ఆ మసకని తుడిచింది, ఆమెకి కనపడాలని.